ఉద్దెరయు కొసరును

దేశాంతరము పోయినవారు తాము విడిచివచ్చినవానిని తలంచుకొని దుఃఖించుట మన సాహిత్యమునకు క్రొత్త గాదు. తల్లిని, ఏటిని, గ్రామదేవతను, ముంగిటి వేపచెట్టును గూర్చి చెప్పినవారు పెక్కుమంది కలరు. వెచ్చాల దుకాణమును గూర్చి చెప్పినవారు తక్కువ. శ్రీనాథుడు మాత్రము కొంత దగ్గరకు వచ్చినాడు. 15వ శతాబ్దమున ప్రౌఢదేవరాయల కొలువునకై విజయనగరము పోయిన యా మహాకవి, నెత్తిన కుళ్లాయి పెట్టవలసివచ్చెననియు, వెల్లుల్లి మెక్కవలసివచ్చెననియు మొఱపెట్టుకొన్నట్లు ఆయన పేర నొక చాటువు ప్రచారమున నున్నది. కవిసార్వభౌముడంతవాడే పొరుగు రాజ్యపు తిండికి నొచ్చుకొన్నప్పుడు మావంటి బడిపంతుళ్లు నొచ్చుకొనుటలో వింత యేమున్నది?

మేము 2018లో కొత్తకోట విడిచి ముంబయి చేరితిమి. తెలుగువారి పిల్లలు చదువుకొను నొక పాఠశాలలో పని కుదిరినది. అద్దెయిల్లు దొరకినది, మరాఠీ నాలుగు ముక్కలు పట్టుబడినవి. ఆరు నెలలైనను కుదురుపడనిది వెచ్చాల సంగతి యొక్కటే. వస్తువులు దొరకక కాదు. మా సందు మొదట నొక కచ్ఛీ వర్తకుని దుకాణ మున్నది. ఇంకొంత దూరము నడిచినచో అద్దాల తలుపుల పెద్ద అంగడి యున్నది. పచ్చజొన్నలు తప్ప తక్కినవన్నియు కలవు. అయినను ఒక నెల మొదటి దినమున మా యింటి యావిడ సంచి మడిచి బల్లమీద పెట్టి, "ఈడ కొనుక్కచ్చుడే ఉన్నది గని, తెచ్చుకొనుడు లేదు" అన్నది. కొనుటకును తెచ్చుకొనుటకును గల యీ భేదము వ్యాకరణసూక్ష్మమువలె మా చెవిలో నిలిచిపోయినది. దానిని విప్పవలెనని కూర్చుండగా అది మా యూరి చరిత్రలోనికిని, పాలమూరు వలసల చరిత్రలోనికిని మమ్ము లాగుకొనిపోయినది.

కొత్తకోట వనపర్తి, ఆత్మకూరు, గద్వాల సంస్థానముల నడుమ, హైదరాబాదునుండి కర్నూలుమీదుగా బెంగుళూరు పోవు బాటమీద నున్న యూరు. ఆ బాటకు పూర్వము 7వ సంఖ్య. ఇప్పుడు 44వ సంఖ్య. మగ్గముల యూరు కూడ. చుట్టుపట్ల పల్లెలవారు పల్లీలు, జొన్నలు, ఆముదాలు తెచ్చి అమ్ముకొని, తిరిగిపోవునప్పుడు ఉప్పు, చింతపండు, బెల్లము, దీపపు నూనె పట్టుకొని పోవుచుండిరి. మేము వెచ్చాలు తెచ్చుకొన్న దుకాణము బజారులో మూడు మెట్లమీద నుండెడిది. వాకిట గోనె సంచులు నోళ్లు చుట్టి నిలిపినవి, వానివెనుక బెల్లపు దిమ్మ, దానిమీద ఈగలు, పైకప్పునుండి వ్రేలాడు పురికొస, పాత పత్రికల కట్ట, త్రాసు. గల్లాపెట్టె యెదుట శెట్టిగారు. చిన్ననాడు మేము చీటీ పట్టుకొని పోగా, చీటీ చూడకమునుపే ఆయన, "సారు పిలగాడు వచ్చిండు, చక్కెర తూచు" అని లోపలికి కేక వేయుచుండెను. (మా తండ్రిగారును బడిపంతులే.) పొట్లములు కట్టుట ముగిసిన తరువాత మా అరచేతిలో ఒక పిడికెడు పుట్నాలు పడెడివి. అది కొసరు. డబ్బు మేము ఇచ్చిన జ్ఞాపకము లేదు. ఎఱ్ఱగుడ్డ అట్ట వేసిన పొడుగాటి పుస్తకములో ఆయన ఏదో వ్రాసికొనుచుండెను. అది ఉద్దెర.

ఈ మాటలనే కొంచెము తడవి చూతము. 'కిరాణము' హిందూస్థానీ మాటయని మనవారు తేలికగా చూతురు గాని, అది సంస్కృత క్రయాణక శబ్దమునుండి వచ్చినదని పండితులు చెప్పుదురు. కొనదగిన సరకు అని యర్థము. 'వెచ్చము' వ్యయశబ్దమునకు వికృతి. మొదటిది అంగటివాని వైపునుండి చూచిన మాట, రెండవది ఇల్లాలి వైపునుండి చూచిన మాట. అన్నిటికన్న మమ్ము నిలిపివేసినది ఉద్దెర. కోస్తావారు అరువందురు, కర్నూలువారు అప్పందురు, మేము ఉద్దెర యందుము. ఇది ఉద్ధార శబ్దమే. ఉద్ధారమనగా పైకి ఎత్తుట యని మనమెఱుగుదుము. సంస్కృత నిఘంటువులు దానికే ఋణమను నర్థమును, అందును వడ్డీలేని ఋణమను నర్థమును చెప్పుచున్నవి. పల్లెటూరి దుకాణపు పుస్తకములోని మాటకును, గ్రంథకర్తలు ప్రాణము పెట్టి వాడు మాటకును మూల మొక్కటియే యగుట మాకు సంతోషము కలిగించినది. ఆ దుకాణపు ఋణమునకు నిజముగా వడ్డీ లేకుండెనా యను ప్రశ్న వేఱు. దానికి ముందు ముందు వత్తుము.

కొసరును గూర్చి కూడ ఒక మాట. ఇది అంగటివాని దాతృత్వమని యనుకొనుచుంటిమి. కౌటిల్యుని అర్థశాస్త్రము చదివినప్పుడు ఆ భ్రమ వదలినది. 1905లో మైసూరు ప్రాచ్యగ్రంథాలయమునకు చేరిన తాళపత్రప్రతినుండి శామశాస్త్రిగారు 1909లో ప్రకటించిన యాగ్రంథమున తూనికలు కొలతల ప్రకరణమొకటి కలదు. కాగిన నేయి అమ్మునప్పుడు 32వ వంతు, నూనె యైనచో 64వ వంతు పైగా ఇయ్యవలెను. ద్రవపదార్థములు కొలపాత్రకు అంటుకొని కొంత తరుగును గనుక 50వ వంతు 'మానస్రావ'మను పేర చేర్చవలెను. అనగా లీటరు నూనెకు 20 మిల్లీలీటర్లు కొనువానికి న్యాయముగా చెందవలసిన కొసరు. మన తల్లులు గిన్నె వంచి, "ఇంకొక్క చుక్క" అని కొసరినప్పుడు పిసినారితనము చూపుచుండలేదు. తెలియకయే ఒక ప్రాచీనమైన హక్కును సాధించుకొనుచుండిరి. యంత్రముచే మూతవేసిన సంచిలోని నూనెకు కొలపాత్ర లేదు, అంటు లేదు, కొసరును లేదు.

ఇట్టి విషయములు చరిత్రమా యని కొందఱు అడుగవచ్చును. మా సీమవాడే యైన సురవరము ప్రతాపరెడ్డిగారు 1949లో 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర' వెలువరించి, జనులేమి తినిరి, ఏమి కట్టిరి, ఎట్లు బ్రతికిరి యనునది కూడ చరిత్రమే యని చూపియున్నారు. మేము ఆ బాటమీద ఒక దుకాణముదాక మాత్రము నడచుచున్నాము.

క్రొత్త రాష్ట్రమునకు పోవుటయన్న మాట కొత్తకోటవారికి కొంత నవ్వు తెప్పించును. కదలకుండగనే వారు ఎన్ని రాజ్యములు మాఱిరో చూడుడు. 1948 సెప్టెంబరుదాక నిజాము రాజ్యము. పిమ్మట భారతదేశమున హైదరాబాదు రాష్ట్రము. 1956 నవంబరు 1 నుండి ఆంధ్రప్రదేశము. 2014 జూన్ 2 నుండి తెలంగాణము. 2016 అక్టోబరులో జిల్లా కూడ మాఱి, మహబూబునగరము పోయి వనపర్తి వచ్చినది. కృష్ణయు తుంగభద్రయు దాటినచో కర్నూలు. నిజాము నాటిలో అది పరరాజ్యము. సరకు తెచ్చినచో కరోడ్గీరీవారికి సుంకము చెల్లింపవలెను. చేతిలోని హాలీ సిక్కా మార్చి కల్దారు రూపాయ తీసికొనవలెను. 7 హాలీ రూపాయలకు 6 కల్దారు లెక్క. 1956 తరువాత 58 సంవత్సరములు కర్నూలు స్వరాష్ట్రమైనది. 2014లో మరల పొరుగు రాష్ట్రమైనది. మా తాతగారి తరమువారు కర్నూలునకు వైద్యమునకో పెండ్లికో పోయి, అది తమ రాజ్యమో పరరాజ్యమో ముందుగా జ్ఞాపకము చేసికొనవలసినంతగా ఎల్లలు మాఱినవి.

ఈ మార్పులన్నియు ప్రజలకు అర్థమైనది రాజపత్రమువలన గాదు, దుకాణమువలన. 1957 ఏప్రిల్ 1న రూపాయకు 16 అణాలు పోయి 100 నయాపైసలు వచ్చినవి. అణాకు ఆరుంబావు నయాపైసలు రావలెను. పావు నయాపైస నాణెము మాత్రము లేదు. ఆ పావు ఎవరిది? కొన్నవానిదా, అమ్మినవానిదా? ఆ యేడు మా బజారులో నిదియే పెద్ద తగవని మా తాతగారు చెప్పుచుండిరి. 1958 అక్టోబరునుండి కిలోగ్రాము ప్రవేశించి, 1962 నాటికి సేరును వెడలగొట్టినది. 80 తులముల సేరు 933 గ్రాములు; కిలో దానికన్న సుమారు ఆరు తులము లెక్కువ. "సేరుకు ఇంత గదా, కిలోకు ఇంతెందుకు?" అని యడుగు ముసలమ్మకు, త్రాసులో రెండురాళ్లను ఎదురెదురుగా పెట్టి భేదము చూపినవాడు శెట్టియే. ఆ చూపుటలో తన లాభము చూచుకొనెనా యన్నచో, చూచుకొనియే యుండును. అయినను గణితము చెప్పు బడి లేని పల్లెకు ఆ త్రాసే బడియైనది.

2018లో బయలుదేరుటకు ముందు మేము బాకీ తీర్చుటకు పోతిమి. శెట్టిగారు పుస్తకము తెఱచి, కూడి, మేమిచ్చిన సొమ్ములోనుండి 11 రూపాయలు తిరిగి మా చేతిలో పెట్టిరి. అవి చిల్లర కాదు. "జర ఉండనియ్యిండ్రి సార్. లెక్క మొత్తం కొట్టేస్తె మళ్ల వచ్చే పని ఏముంటది?" అని ఆయన పలికెను. పద్దు పూర్తిగా కొట్టివేయుట అశుభమని వర్తకుల నమ్మకము. అది వ్యాపారపు యుక్తియే యని మేమెఱుగుదుము. ఎఱిగియు కన్నీరు వచ్చినది.

ముంబయి చేరిన తెలుగువారిలో మేము మొదటివారము గాము. నగరమధ్యమున కామాఠిపుర మను పేట కలదు. 18వ శతాబ్దాంతమునుండి నిజాము రాజ్యపు తెలుగు సీమలనుండి వచ్చి ఇండ్లును బాటలును కట్టిన కామాఠీల పేరనే అది వెలసినది. ఆ పేరు నేడు లోకమునకు వేఱొక కారణముచేత తెలిసియుండుట, రాయి మోసినవారికి చరిత్ర చేసిన యన్యాయము. షోలాపురమున 1877లో నూలుమిల్లు వెలసిన తరువాత మన పద్మశాలీలు అటు నడచిరి. పిమ్మట భీవండికిని సూరతునకును పోయిరి. ఇక పాలమూరు కూలీలు: ఇరువదవ శతాబ్దమున దేశమున ఆనకట్ట కట్టిన చోటనెల్ల వారి తట్టలును పారలును కనబడినవి. 1955లో పునాది పడిన నాగార్జునసాగరము మొదలు మహారాష్ట్ర, గుజరాతు, కర్ణాటక పనులదాక వారు పోయిరి. తమ పొలములకు నీరు లేనివారు పరుల పొలములకు నీటిని నిలిపిరి.

ఈ వలస ఎట్లు జరిగెడిదో చెప్పవలెను. మేస్త్రీ పల్లెకు వచ్చి కుటుంబమునకు ముందుగా కొంత సొమ్ము అడ్వాన్సుగా ఇచ్చును. ఆలుమగలు పని చోటికి తరలిపోవుదురు. అక్కడ గుడిసె, అక్కడనే మేస్త్రీ పంచు తిండిగింజలు; వాని ఖరీదు మేస్త్రీ చెప్పినంత, కూలిలో విఱుగుడు. మఱియొక దుకాణమునకు పోవుటకు చేతిలో నగదు ఉండదు. పోయినను ఎఱిగినవాడు ఉండడు. పల్లెలో మిగిలినది ముసలివారు, పసివారు. అంతర్రాష్ట్ర వలసకూలీల రక్షణకై 1979లో చట్టము చేయబడినది. కూలిరేట్లనుగూర్చియు అడ్వాన్సులనుగూర్చియు పండితులు వ్రాసిరి. ఆ ముసలివారు కొడుకు తిరిగివచ్చుదాక ఏమి తినిరి యనునది మాత్రము దుకాణపు పుస్తకములో నున్నది. జొన్నలు, ఉప్పు, మిరపకాయలు, ఒక పూట చాయపత్తి, మఱునాడు ఏమియు లేదు, ఆ మఱునాడు మరల జొన్నలు. అట్టి పుట లొకటి రెండు మేము చూచితిమి. వలసపోయినవాని యింటిని నిలిపినది ఉద్దెర. ముంబయికి పోయినవాని కొడుకును మా బడిలో కూర్చుండబెట్టినదియు నదియే.

కాని వడ్డీ? ఉద్దెరకు వడ్డీ యని పుస్తకములో ఎచ్చటను వ్రాయబడదు. ఉద్దెర ధర వేఱు, నగదు ధర వేఱు. వడ్డీ ధరలోనే కలిసియుండును. చదువురానివాడు తన పేరెదుట ఏమి వ్రాయబడినదో చూడలేడు. హైదరాబాదు రాజ్యపు పల్లెల ఋణభారమును గూర్చి 1929–30లో కేశవ అయ్యంగారు పరిశోధించి ప్రకటించిన గ్రంథములున్నవి. 1349 ఫస్లీలో వడ్డీవ్యాపారులనుగూర్చి చట్టమును వచ్చినది. ఆ చట్టపు చేయి కిరాణపు ధరదాక చాచబడుట కష్టము. మేము వెచ్చాలు తెచ్చుకొన్న దుకాణమున మాకు మోసము జరుగలేదు. మా యింట చదువు వచ్చినవా రుండిరి గదా!

ఇంతవఱకు వ్రాసి, ఇది బాగుగనే యున్నదని తలంచి, ఠాణాలో ఇండ్లకట్టుబడి పనులమీద సూపర్‌వైజరుగా నున్న మా పూర్వవిద్యార్థి యొకనికి చదివి వినిపించితిమి. అతడు కొత్తకోట ప్రక్క పల్లెవాడు. తల్లిదండ్రులు కూలికి పోయినవారు. పుట్నాల కొసరు ఘట్టమున నవ్వునని యెదురుచూచితిమి. నవ్వలేదు. కొంతసేపటికి, "సార్, మీరు మెట్ల మీద నిలబడ్డరు. మా అమ్మ కింద నిలబడ్డది" అన్నాడు. పిమ్మట మెల్లగా చెప్పినాడు. తల్లి డబ్బు మెట్టుమీద పెట్టి వెనుకకు జరుగవలెను. పొట్లము పైనుండి కొంగులో పడెడిది. కొసరు అతనికిని వచ్చెడిది. అదియు పైనుండియే పడెడిది, కొన్ని గింజలు నేలమీద పడినచో ఏరుకొనెడివాడు. "ఇక్కడ అద్దాల దుకాణంల బుట్ట పట్టుకొని నేనే తీసుకుంట. ఎవ్వడు నా పేరు అడగడు, ఊరు అడగడు. మీకు అదే కష్టమైంది. నాకు అదే పండుగ."

ఆ మూడు మెట్లు ఈ వ్యాసములో ముందే వ్రాసితిమి. పాఠకులు వెనుకకు పోయి చూడవచ్చును. గోనె సంచులను, ఈగలను కూడ వ్రాసిన మేము, మెట్ల క్రింద ఎవరు నిలిచియుండిరో వ్రాయలేదు. చిన్ననాడు కన్నులార చూచినదే. ఆ దుకాణము మమ్ము ఎఱుగును, మా పేరెఱుగును, మా తండ్రి నెఱుగును. అందుచేతనే అది మాకు ప్రియము. అదే యెఱుక ఇతనిని మెట్ల క్రింద నిలిపినది.

మన రాజ్యాంగము 15వ అధికరణమున 'దుకాణములు' అను మాట పేరుపెట్టి చేర్చబడియున్నదని ఎంతమంది గమనించిరో మేమెఱుగము. మతము, జాతి, కులము, లింగము, జన్మస్థానము అనువానిని బట్టి ఏ పౌరుని దుకాణములలో ప్రవేశింపనీయకుండరాదు. గొప్ప హక్కుల నడుమ ఉప్పు పప్పుల కొట్టు ఏల యని తోచవచ్చును. 1948 నవంబరు 29న రాజ్యాంగసభలో ఈ నిబంధన చర్చకు వచ్చినప్పుడు, ఆ మాట విస్తృతార్థమున వాడబడినదనియు, తగిన వెల ఇచ్చినవానికి సేవచేయుటకు సిద్ధపడి కూర్చున్న ప్రతివాడును దానిలోనికి వచ్చుననియు అంబేద్కరుగారు వివరించిరి. అస్పృశ్యతను నిషేధించు నిబంధనయు అదేదినమున ఆమోదింపబడినది. 1955లో అస్పృశ్యతానేరముల చట్టము వచ్చి, దుకాణములో నడ్డగించుట శిక్షార్హమైనది. మా విద్యార్థి మెట్ల క్రింద పుట్నాలు ఏరుకొనుట 1990 తరువాతి మాట.

ఎఱుకలేని దుకాణము కూడ మనుష్యులు ఆలోచించి కట్టినదే. ఇంగ్లండులో రాచ్‌డేలు పట్టణమున 28 మంది నేతపనివారు మొదలగువారు చేరి 1844 డిసెంబరు 21న ఒక చిన్న దుకాణము తెఱచిరి. పిండి, వెన్న, చక్కెర, కొవ్వొత్తులు వంటి నాలుగైదు వస్తువులు. కల్తీ లేదు, తప్పుతూనిక లేదు, ఉద్దెరయు లేదు. ఉద్దెర యిచ్చు దుకాణదారునికి పనివాడు బానిస యగుచున్నాడని వారు కండ్లార చూచియుండిరి గనుక, నగదు బేరమునే సంస్కరణముగా ఎంచిరి. ఆ మార్గముననే 1904లో మదరాసు తిరువల్లిక్కేణిలో సహకారసంఘము వెలసినది. 1916లో అమెరికాలో మెంఫిసు నగరమున సాండర్సను వర్తకుడు 'పిగ్లీ విగ్లీ' యను పేర దుకాణము తెఱచి, కొనువారే లోనికి పోయి బుట్టలో వేసికొని వచ్చునట్లు ఏర్పఱచెను. ఖర్చు తగ్గించుటకు చేసిన పని యది. అటులైనను, గల్లాకును కొనువానికిని నడుమ నున్న అడ్డబల్ల తొలగినది. మా విద్యార్థి పండుగకు మూలపురుషుడు ఆ వర్తకుడు.

ఇట్లు తీర్పు ఒకవైపు మొగ్గుచుండగా 2020 మార్చి వచ్చినది. 25వ తేదీనుండి దేశమంతయు తలుపులు మూసికొన్నది. పనులు ఆగినవి, కూలి ఆగినది. అద్దాల అంగడిలో నగదో కార్డో లేనివానికి చోటులేదు. మా సందు మొదటి కచ్ఛీ వర్తకుడు తనకు తెలిసిన యిండ్లవారికి పుస్తకము తెఱచెను. రెండేండ్లుగా నగదు పెట్టి కొనుచున్న మాకును, ఆ నెల జీతము ఆలస్యము కాగా, అడుగకయే తెఱచెను. కట్టుబడి గుడిసెలలోని పాలమూరువారికి తెఱవలేదు. ఆయనను కఠినుడని యనలేము. రేపు కనబడనివానికి పద్దు ఎట్లు వ్రాయును? చందాలు పోగుచేసి బియ్యము పంచుటకు పోయినప్పుడు ఒక ముసలాయన మమ్ము చూచి, "మా ఊర్ల అయితె శెట్టి ఇచ్చేటోడు" అన్నాడు. ఆయన కూడ ఒకప్పుడు మెట్ల క్రింద నిలిచినవాడే. మా విద్యార్థి మా ప్రక్కన బియ్యపు సంచి పట్టుకొని నిలిచియుండెను. ఏమియు ననలేదు.

చవుకధరల దుకాణపు కార్డు మాత్రము అప్పటికి ఎల్ల దాటుట నేర్చుకొన్నది. 2019 ఆగస్టులో తెలంగాణము ఆంధ్రప్రదేశముతోను, మహారాష్ట్రము గుజరాతుతోను జతపడి, ఒక రాష్ట్రపు కార్డుమీద రెండవ రాష్ట్రమున గింజలిచ్చుట మొదలుపెట్టినవి. 2020 జనవరినుండి మహారాష్ట్రము, తెలంగాణము చేరిన 12 రాష్ట్రములకు అది వ్యాపించినది. వ్రేలిముద్ర వేసినచో బియ్యమో గోధుమలో వచ్చును. మెట్లు లేవు. ఇది గొప్ప మార్పు; కార్డు వెంట రాని కుటుంబములు ఆ వేసవిలో ఆకలిపడిన మాటయు నిజము. ఉప్పు, నూనె, చింతపండు, బిడ్డ కొక బిస్కట్టు పొట్లము — ఇవి ఆ కార్డులో లేవు.

మొన్నటి దసరాకు కొత్తకోట పోతిమి. భీమా ఎత్తిపోతల నీరు కానాయపల్లి దగ్గఱ శంకరసముద్రమున నిలుచుచున్నది. జొన్నచేలు తగ్గి వరి పెరిగినది. వెచ్చాల దుకాణమును శెట్టిగారి కుమారుడు అద్దాలతో తిరుగగట్టించినాడు. మెట్లు లేవు, బాటకు సమముగా పలకలు పఱచినారు. తండ్రిగారు ఒక ప్రక్క కుర్చీలో కూర్చుండియుండిరి. మేము 11 రూపాయలు తీసితిమి. ఆయన చేయి అడ్డముపెట్టి నవ్విరి. ఎఱ్ఱగుడ్డ పుస్తకము ఎక్కడనున్నదో కొడుకునకు తెలియదు.

మా విద్యార్థి పంపిన చీర ఇచ్చుటకు ఆతని తల్లి యింటికి పోతిమి. ఇంటి ముందరి గదిలో ఆమె చిన్న కిరాణపు దుకాణము పెట్టుకొన్నది. మహిళాసంఘములో తీసికొన్న యప్పుతో మొదలుపెట్టినదట. వాకిట మెట్టొకటి యున్నది. దానిమీద పిల్ల లిద్దఱు కూర్చుండి పుట్నాలు తినుచుండిరి. ఉద్దెర ఇచ్చుచున్నావా యని యడిగితిమి. "ఇయ్యకుంటె ఎట్ల సార్? ఎరుకున్నోళ్లే గద" అని ఆమె గూటిలోనుండి ఒక బడిపుస్తకము తీసినది. వ్రాత మనుమరాలిది, ఎవరి లెక్క వారే చదువుకొనవచ్చునని పుస్తకము త్రిప్పి మాకు చూపినది. అందులో మూడు పేర్ల ప్రక్కన 'బొంబాయి' అని యున్నది. రెండు వందల నలువది, తొమ్మిది వందలు, పదునాఱు వందల యిరువది. ఆ ముగ్గురును ఠాణాలో ఎక్కడనో పనిచేయుచున్నారట. "మీరు అక్కడనే ఉంటరు గద. కనబడితె జర యాద్ చెయ్యిండ్రి. మొత్తం ఇయ్యకున్నా సరే" అని ఆ పేర్లను లెక్కలను ఒక చీటీమీద వ్రాయించి ఇచ్చినది. వచ్చునప్పుడు పది కిలోల పచ్చజొన్నలు ఆమె దగ్గరనే తీసికొంటిమి. తూచిన పిమ్మట ఇంకొక దోసెడు పైన పోసినది.

చీటీ మా బల్లమీద నున్నది. మూడవవాడు దొరకినాడు, ఇద్దఱికొఱకు ఇంకను అడుగుచున్నాము.